పుస్తకంలో లేని పసరు

నాటువైద్యం గురించి మన మేధావులలో రెండే వాదాలు వినిపిస్తున్నాయి. అదంతా మూఢనమ్మకమని ఒకరంటారు. సర్వమూ ఋషిప్రోక్తమని ఇంకొకరంటారు. మొదటివారిలో మన అభ్యుదయ మిత్రులే ఎక్కువ. పసరు తీసే మనిషి మాత్రం ఈ ఇద్దరి కంటికీ ఆనదు.

మా అనంతపురం మెట్టచేలల్లో వానలు పడగానే వేరుశనగ సాళ్ల మధ్య నేలఉసిరి మొలుస్తుంది. రైతుకది కలుపు. కామెర్లు వచ్చిన ఇంటికి అదే మందు. ఊళ్లో ఎవరో ఒక అవ్వ దాన్ని పీకి, నూరి, మజ్జిగలో కలిపి పరగడుపున పోస్తుంది.

దీన్ని చూసి నవ్వేవారు ఒక సంగతి తెలుసుకోవాలి. హెపటైటిస్-బి వైరస్‌ను మోస్తున్నవారికి మద్రాసులో ఈ మొక్క పొడిని 30 రోజులు ఇచ్చి చూశారు. 1988లో ఆ ఫలితాలు వెలువడ్డాయి. ఆ వైరస్‌ను కనుగొని 1976లో నోబెల్ బహుమతి పొందిన బ్లంబర్గ్ ఆ పరిశోధనలో భాగస్వామి. పొడి తీసుకున్న 37 మందిలో 22 మంది రక్తంలో వైరస్ జాడ చెరిగింది. ఉత్త పొడి తీసుకున్న 23 మందిలో అది ఒక్కరికే జరిగింది. అయితే తర్వాత థాయిలాండులో చేసిన పరీక్షలో అటువంటి ఫలితం రాలేదు. ఋషిభక్తులు మద్రాసు దగ్గరే ఆగిపోతారు. మన మిత్రులు థాయిలాండునే పట్టుకుంటారు. ఈ తేడా ఎందుకు వచ్చిందని అడిగేవాడేడీ? నేలఉసిరిలోని ఫిలాంథిన్, హైపోఫిలాంథిన్ వంటి పదార్థాల పాళ్లు నేలను బట్టి, కోసిన కాలాన్ని బట్టి, నూరారా కాచారా అన్నదాన్ని బట్టి మారుతాయి. చైనాలో తూ యూయూ మలేరియా మందు ఆర్టెమిసినిన్‌ను సాధించింది కూడా, ఆకును కాచమనకుండా నీళ్లలో నానబెట్టి పిండాలన్న ఒక పాత గ్రంథంలోని మాట పట్టుకునే. అక్కడ ఆ మాట పుస్తకానికెక్కింది. మన అవ్వ మాట ఎక్కలేదు.

అవ్వ చెప్పిందల్లా వేదమని నేననను. కలుషితమైన నీటివల్ల వచ్చే కామెర్లు చాలామందికి వాటంతటవే తగ్గుతాయి. పేరు పసరుకు పోతుంది. పిత్తనాళంలో రాయి అడ్డుపడినవాణ్ణి పసరు పోసి ఇంట్లో కూర్చోబెడితే ప్రాణానికే ముప్పు. ఈ మాట ఆమెకు చెప్పవలసిందే. కాని చెప్పడానికి వెళ్లినవాడు ఆమె చెప్పేది విని, రాసుకుని రావాలి గదా!

రాసుకోకపోతే ఏమవుతుందో చట్టమే చెబుతున్నది. 2002 నాటి జీవవైవిధ్య చట్టం, మొక్కలతో వ్యాపారం చేసేవాడు లాభంలో కొంత స్థానికులకు పంచాలన్నది. స్వదేశీ కంపెనీ అయినా వాటా ఇవ్వవలసిందేనని 2018లో దివ్య ఫార్మసీ కేసులో ఉత్తరాఖండ్ హైకోర్టు తీర్పు చెప్పింది. అయిదేళ్లు తిరిగేసరికి చట్టాన్నే సవరించారు. 2023 సవరణ ప్రకారం ప్రామాణిక గ్రంథాలలో వున్న జ్ఞానాన్ని వాడుకునే స్వదేశీ వ్యాపారికి ఆ బాధ్యత లేదు. నేలఉసిరికి సంస్కృతంలో భూమ్యామలకి అనే పేరుంది. ఇక అవ్వకు వాటా ఏమిటి? శ్లోకం వున్నచోట ఆమెకు హక్కు లేదు. శ్లోకం లేనిచోట హక్కు వున్నా, అది ఆమెదని చూపే కాగితం లేదు. ఋషుల పేరు చెప్పి ఎవరి పెట్టె నిండుతున్నదో ఋషిభక్తులు కాస్త లెక్క చూడాలి.

పల్లెపాట సేకరించి తెచ్చిన విద్యార్థి, పాడినామె పేరూ ఊరూ రాయకపోతే ఆ కాగితం నేను తిప్పి పంపుతాను. మందుమొక్కల మీద రాసే పరిశోధకులు చాలామందికి మాత్రం “స్థానికులు” అనే ఒక్క మాటతో సరిపోతుంది. 2002 చట్టం కింద ప్రతి స్థానిక సంస్థలోనూ ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు వుండాలి. ఎవరో కూలికి వచ్చి దాన్ని లాటిన్ పేర్లతో నింపి పోకముందే, తెలుగు చదువుకున్న మనం పల్లెలకు వెళ్లి ఆ అవ్వల దగ్గర కూర్చోవాలి. ఏ మొక్క, ఏ నెలలో, ఏ చేనిలో, ఎంత మోతాదు, ఎవరికి పోయకూడదు — ఇవన్నీ ఆమె మాటల్లోనే, ఆమె పేరుతోనే ఆ రిజిస్టరులోకి ఎక్కాలి. ఆమె ఇష్టపడి చెబితేనే.