నడుం వంగిన ప్రమాణాలు

మంద వెంట రోజంతా పరుగెత్తడానికి పుట్టించిన కుక్కకు షో రింగులో నాలుగు చుట్లు తిరిగేసరికి వెనక కాళ్లు తడబడుతుంటే ఆ తప్పు కుక్కది కాదు. దానికి జత కుదిర్చిన బ్రీడర్‌ది, ఆ జతను ఆమోదించిన క్లబ్‌ది, ఆ వాలిపోయిన నడుముకే అత్యుత్తమమని మార్కులేసిన జడ్జిది. జర్మన్ షెపర్డ్, డాబర్‌మాన్, రాట్‌వైలర్ వంటి పనికుక్కల కోసం అత్యంత కఠినమైన సంతాన నిబంధనలు రాసుకున్న దేశాల్లో జర్మనీ ముందువరసలో ఉంటుంది. ఆ నిబంధనలకు తూట్లు పొడిచిందీ అక్కడి క్లబ్బుల పెద్దలే. కాగితం మీద ప్రమాణం నిటారుగానే ఉంది, వంగిపోయింది దాన్ని అమలు చేసేవాళ్ల నడుము. ఈ వ్యవహారాన్ని ఇక క్లబ్బుల పెద్దమనిషి తరహాకు వదిలేయడానికి వీల్లేదు.

జర్మన్ షెపర్డ్‌కు పునాది వేసినవాడి ఉద్దేశంలో దాపరికమేమీ లేదు. అశ్విక దళంలో కెప్టెన్‌గా పనిచేసిన మాక్స్ ఫాన్ స్టెఫానిట్జ్ 1899 ఏప్రిల్‌లో కార్ల్స్‌రూహె డాగ్ షోలో హెక్టర్ అనే గొర్రెల కాపలా కుక్కను చూసి కొన్నాడు. హోరాండ్ ఫాన్ గ్రాఫ్‌రాట్ అని పేరు మార్చాడు. అదే నెలలో జర్మన్ షెపర్డ్ కుక్కల సంఘం పుట్టింది. ఎస్‌వీ అని లోకమంతా పిలిచే ఆ సంఘం వంశావళి పుస్తకంలో మొదటి నంబరు హోరాండ్‌దే. అందం పనితనంలోంచి రావాలే తప్ప పనితనాన్ని మింగేయకూడదన్నది స్టెఫానిట్జ్ పట్టుదల. మందలు తగ్గిపోతుంటే జాతికి పోలీసు, సైనిక విధులు వెతికిపెట్టాడు. కుక్కలు మరీ ఎత్తు పెరిగిపోతున్నాయని 1925లో అగ్ర బహుమతిని క్లోడో ఫోమ్ బాక్స్‌బెర్గ్ అనే ఎత్తు తక్కువ కుక్కకిచ్చి జాతి దారి మళ్లించాడు. జడ్జి చెయ్యి ఎటు చూపితే జాతి అటే నడుస్తుందని వందేళ్ల కిందటే రుజువైందన్నమాట. ఆ చెయ్యి దారి తప్పినా జాతి దాని వెంటే పోతుంది.

నిబంధనల్లో మెచ్చుకోవలసింది చాలా ఉంది. ఎస్‌వీ పరిధిలో తగిన వయసు నిండనిదే ఏ కుక్కకూ జత కట్టించకూడదు. తుంటి కీళ్లకు, మోచేతి కీళ్లకు ఎక్స్‌రే తప్పనిసరి. ఆ ఎక్స్‌రేను చూసి తీర్పు చెప్పేది ఊళ్లోని డాక్టరు కాదు, సంఘం నియమించిన కేంద్ర నిపుణుడు. తుంటి కీలు వదులై అరిగిపోయే హిప్ డిస్‌ప్లేసియాను అరికట్టడానికి ఎక్స్‌రేలో నెగ్గిన కుక్కకు వేసే ఆమోద ముద్ర 1966లోనే మొదలైంది. ఒక కుక్క బదులు మరో కుక్కను ఎక్స్‌రే బల్ల ఎక్కించకుండా డీఎన్ఏ నమోదూ వచ్చింది. జత కుదిర్చేటప్పుడు ఆ కుక్క తుంటి ఒక్కటే చూస్తే చాలదు. తోబుట్టువుల, సంతానం ఫలితాలు కూడా లెక్కగట్టి ఒక సంతాన విలువను నిర్ణయిస్తారు. బలహీనమైన తుంటి వంశాన్ని మరో బలహీన వంశంతో కలపకుండా అడ్డుకట్ట వేస్తారు.

ఆ తర్వాత ఓర్పు పరీక్ష. యజమాని సైకిల్ తొక్కుతుంటే కుక్క పక్కనే 20 కిలోమీటర్లు చిన్న పరుగులో రావాలి. వేగం గంటకు 12 నుంచి 15 కిలోమీటర్లు. మధ్యలో ఆపి పాదాలెత్తి చూస్తారు. మెత్తలు చిట్లాయా, కుంటుతోందా, డస్సిపోయి వెనకబడుతోందా అని పరిశీలిస్తారు. పరుగు ముగిశాక కాసేపు విశ్రాంతినిచ్చి విధేయత చూపించమంటారు. ఇది కాక వాసన పట్టడం, విధేయత, రక్షణ అనే మూడు విభాగాల పరీక్ష ఉంది. ఒక్కో దానికి 100 మార్కులు, 70 రానిదే గట్టెక్కదు. మంద కాసే కుక్కలకు వేరే పరీక్ష. ఇవన్నీ దాటిన కుక్కను సంతాన యోగ్యత సర్వేలో నిలబెట్టి కొలుస్తారు, పళ్లు లెక్కపెడతారు, తుపాకీ పేల్చి బెదురుతుందేమో చూస్తారు. చేతికి మందపాటి తొడుగు వేసుకున్న మనిషి మీదికొస్తే పట్టు పట్టాలి. వదలమన్న మరుక్షణం వదలాలి. పట్టడం కంటే వదలడంలోనే కుక్క నిగ్రహం తెలుస్తుంది.

తల్లిదండ్రులూ, వాటి తల్లిదండ్రులూ ఈ గడపలన్నీ దాటి ఉంటే పిల్లలకు గులాబీ రంగు కాగితాలిస్తారు. అమెరికన్ కెన్నెల్ క్లబ్‌లో ఇంత తతంగం లేదు. తల్లీ తండ్రీ ఇద్దరూ అదే జాతివిగా నమోదై ఉంటే పిల్లలకూ నమోదు దొరుకుతుంది. ఆ కాగితం వంశానికే సాక్ష్యం, ఆరోగ్యానికి హామీ కాదని ఆ క్లబ్బే చెబుతుంది. పుట్టుకను మాత్రమే లెక్కించే రిజిస్టరు ఒకటి, పరీక్షను కూడా లెక్కించే రిజిస్టరు మరొకటి. సంతలో ఎద్దును కొనే మన రైతు దాన్ని నడిపించి చూడనిదే బేరానికి దిగడు. ఆ తెలివిని నిబంధనగా రాసుకున్న ఘనత జర్మన్లదే. అందుకే దాన్ని పాడుచేసిన నేరం కూడా పెద్దది.

పాడైంది ఎక్కడంటే, మార్కులేసే చోట. అంతర్జాతీయ కుక్కల సంఘాల సమాఖ్య ఎఫ్‌సీఐ ప్రమాణపత్రం ఈ జాతికి దృఢమైన, తిన్నని వీపు ఉండాలంటుంది. నడుము చివర కొద్దిపాటి వాలు మాత్రమే చెప్పింది. మగకుక్క ఎత్తు 60 నుంచి 65 సెంటీమీటర్లు, ఆడకుక్క 55 నుంచి 60. దశాబ్దాలుగా రింగులో పట్టం కట్టించుకుంటున్న కుక్కల్లో ఎన్నిటి వీపు తిన్నగా ఉంది? భుజాల దగ్గర ఎత్తుగా మొదలై తోకకేసి జారుడుబల్లలా దిగే వీపులు, మోకాలి వెనక కీలు నేలకు ఆనేంత వంగిన కాళ్లు మన కళ్లముందున్నాయి. నిలబెట్టే పద్ధతే దీన్ని దాచిపెడుతుంది. ఒక వెనక కాలిని బాగా వెనక్కి, రెండోదాన్ని పొట్ట కిందికి లాగి నిలబెడతారు. పరుగెత్తేటప్పుడు గొలుసు బిగించి ముందుకు లాగిస్తారు. కంచె అవతల యజమాని ఈలలు వేస్తూ, పేరు పెట్టి పిలుస్తూ కుక్కతో సమానంగా పరుగులు తీస్తాడు. ఆ ఉత్సాహానికి కుక్క మెడ నిక్కించి సాగుతుంది, జడ్జి మెచ్చుకుంటాడు. గొలుసు వదులు చేసి మామూలు నడక నడిపిస్తే అసలు గుట్టు బయటపడుతుంది. 2016లో బ్రిటన్‌లోని క్రఫ్ట్స్ ప్రదర్శనలో జాతి విజేతగా నిలిచిన జర్మన్ షెపర్డ్ నడకను టీవీలో చూసిన జనం ముక్కున వేలేసుకున్నారు. జనానికి కనిపించింది జడ్జికి కనిపించకపోవడం చూపు లోపం కాదు, అలవాటు లోపం.

ఫలితంగా ఒకే పేరుతో రెండు జాతులు తయారయ్యాయి. రింగు కోసం పెంచేవి ఒక తెగ, పని కోసం పెంచేవి మరో తెగ. ఒకదాని బ్రీడర్లు రెండోదాని వైపు కన్నెత్తి చూడరు. పోలీసులు, సైన్యం మాత్రం ఎక్కువగా బెల్జియన్ మాలినోయిస్ వైపు మళ్లుతున్నారు. పనికుక్కగా లోకం నెత్తిన పెట్టుకున్న జాతిని పనిచేసే చోటు నుంచే పక్కకు తప్పించే పరిస్థితి తెచ్చుకోవడం క్లబ్ స్వయంకృతం.

దీనికి మూలం స్వప్రయోజనాల కలగలుపు. జడ్జిగా కూర్చునేవారిలో బ్రీడర్లున్నారు. బహుమతి గెలిచిన మగకుక్కకు క్రాసింగ్ గిరాకీ పెరుగుతుంది, దాని పిల్లలకు ధర పెరుగుతుంది. నమోదు రుసుములతో నడిచే సంఘం తన ఖాతాదారులనే శిక్షించాలంటే చేతులాడవు. రక్షణ పరీక్షలూ అంతే. తెలిసిన మైదానంలో, తెలిసిన మనిషి చేతి తొడుగు మీద నెలల తరబడి తర్ఫీదైన కుక్క ధైర్యాన్ని అదే మైదానంలో కొలిస్తే కొలిచింది ధైర్యాన్ని కాదు, అలవాటునే. ఇలాంటి చోట గులాబీ కాగితం విలువ దాని రంగు దగ్గరే ఆగిపోతుంది.

జర్మన్ షెపర్డ్ ఒక్కటే కాదు. జర్మనీలోని అపోల్డా పట్టణపు పన్ను వసూలుదారు లూయీ డాబర్‌మాన్ పేరుతో వెలసిన జాతిని చూడండి. దాని గుండె కండరాలు సాగిపోయి అకస్మాత్తుగా కుప్పకూలే వ్యాధి మీద 2010లో వెలువడిన అధ్యయనం ప్రకారం యూరప్ డాబర్‌మాన్‌లలో జీవితకాలంలో ఆ జబ్బు బారిన పడేవి సగానికి పైనే. పళ్ల వరుస తేడాగా ఉంటే పోటీ నుంచి తప్పించే ప్రమాణం, గుండె ఆగిపోయే వంశాలను దశాబ్దాల పాటు దాటిపోనిచ్చింది. ఏది లోపం, ఏది అలంకారం అన్న విచక్షణే తలకిందులైతే రిజిస్టరులో ఎన్ని తరాల పేర్లుంటే ఏం లాభం?

జర్మన్ చట్టం చేతులు కట్టుకు కూర్చోలేదు. పుట్టబోయే పిల్లలకు బాధ, వైకల్యం తప్పవని తెలిసీ జత కట్టించడాన్ని జంతు సంక్షేమ చట్టం 11బి సెక్షన్ నిషేధిస్తోంది. అలాంటి లక్షణాలున్న కుక్కలను ప్రదర్శనలకు తేకూడదన్న నియమం 2022 జనవరి నుంచి అమల్లో ఉంది. కానీ ఏ లక్షణం బాధాకరమో సెక్షన్‌లో విడమరిచి లేదు. ఆ లోటు పూడ్చే ముసాయిదా వచ్చిన 2024లో జర్మన్ కెన్నెల్ సంఘాల సమాఖ్య వీడీహెచ్ డాక్స్‌హుండ్ లాంటి జాతులే అంతరించిపోతాయని గగ్గోలు పెట్టి సంతకాల ఉద్యమం నడిపింది. ఆ ఏడాది నవంబరులో ప్రభుత్వం కూలిపోయి ముసాయిదా అటకెక్కింది. 1998లో తోకలు కోయడాన్ని నిషేధించినప్పుడూ జాతి స్వరూపమే పోతుందన్న వాదన వినిపించింది. నేడు తోకతోనే రాట్‌వైలర్ నిక్షేపంలా ఉంది. జాతి నాశనమవుతుందన్న కేక చాలాసార్లు జాతి కోసం కాదు, అలవాటైన అమ్మకాల కోసం.

క్లబ్బుల వాదనలో ఒక మాట మాత్రం కొట్టిపారేయలేం. నిబంధనలు బిగిస్తే కొనుగోలుదారులు ఏ పరీక్షా లేని పెంపక కర్మాగారాల దగ్గరికి పోతారంటున్నారు. సరిహద్దులు దాటి వచ్చే చౌక పిల్లల వ్యాపారం ఉన్నమాట వాస్తవం. అయితే దానికి మందు పరీక్షలు సడలించడం కాదు. క్లబ్ బయట పెంచేవారికీ అవే పరీక్షలు వర్తింపజేయడం. చెడ్డ సరుకు బయట దొరుకుతోందని మంచి దుకాణం తూకం తగ్గించుకుంటుందా?

ఈ గొడవ మనది కాదనుకోవద్దు. హైదరాబాద్, విజయవాడ, విశాఖల్లో విదేశీ రక్తం, విజేత సంతానం అని చెప్పి షెపర్డ్, రాట్‌వైలర్ పిల్లలను అమ్మేవారికి కొదవలేదు. తాత ఏ షోలో గెలిచాడో గుక్క తిప్పుకోకుండా చెబుతారు. తల్లి తుంటి ఎక్స్‌రే చూపించమంటే మాట దాటేస్తారు. కుక్కల పెంపకందారులు రాష్ట్ర జంతు సంక్షేమ బోర్డు వద్ద నమోదు కావాలనీ, ఎనిమిది వారాలు నిండని పిల్లలను అమ్మకూడదనీ, 18 నెలలు నిండని ఆడకుక్కకు జత కట్టించరాదనీ కేంద్రం 2017లోనే నిబంధనలు తెచ్చింది. వాటిని కచ్చితంగా అమలు చేస్తే చాలావరకు దారికొస్తుంది. ఆ పని వదిలేసి 2024 మార్చిలో కేంద్రం రాట్‌వైలర్ సహా 23 రకాల కుక్కలపై నిషేధం విధించమని రాష్ట్రాలకు లేఖ రాసింది. సంబంధిత వర్గాలను సంప్రదించలేదంటూ కర్ణాటక హైకోర్టు ఏప్రిల్‌లో దాన్ని కొట్టేసింది. జాతి పేరు మీద నిషేధం సోమరి పాలన. పెంచేవాడి బాధ్యతను పట్టుకోలేక కుక్క పేరును పట్టుకోవడమది. హైదరాబాద్ దగ్గరి మొయినాబాద్‌లో తర్ఫీదయ్యే పోలీసు జాగిలమైనా, అపార్ట్‌మెంట్‌లో పెరిగే పిల్లయినా పుట్టకముందు జరిగిన ఎంపికే దాని బతుకును సగం నిర్ణయిస్తుంది.

కాబట్టి జర్మనీలో జరగవలసినవి స్పష్టంగా ఉన్నాయి. రింగులో రూపానికి మార్కులేసేది 20 కిలోమీటర్ల పరుగు తర్వాత, వదులు గొలుసుతో నడిపించి చూశాకే కావాలి. కంచె బయటి నుంచి ఈలలు, కేకలు వినిపిస్తే ఆ కుక్కను పోటీ నుంచి తప్పించాలి. రక్షణ పరీక్ష తెలియని మైదానంలో, తెలియని మనిషితో జరగాలి, జడ్జిని లాటరీలో ఎంపిక చేయాలి. సొంత పెంపకమున్నవారు ఆ జాతికి మార్కులేయకూడదు. తుంటి, మోచేయి, గుండె ఫలితాలు నెగ్గినవైనా ఓడినవైనా కొనేవాడి కంటికి కనిపించాలి. ఒక్క విజేత మగకుక్క తరాన్నంతా కమ్మేయకుండా పరిమితి ఉండాలి. 11బి సెక్షన్ కింద నిషిద్ధ లక్షణాల జాబితాను పార్లమెంటు తిరిగి చేపట్టి ఆమోదించాలి. మన రాష్ట్రాలు 2017 నిబంధనలను దుమ్ము దులిపి అమలు చేయాలి. కొనేవారు వంశవృక్షం కంటే ముందు ఎక్స్‌రే అడగాలి.

ఎస్‌వీకి తన తప్పు తాను దిద్దుకునే అవకాశం ఒక శతాబ్దం పాటు దొరికింది. స్థాపకుడు 1925లో ఒక్క తీర్పుతో చేసిన పనిని ఆయన వారసులు ఇన్నేళ్లలో చేయలేదు. ఇక వారి హామీ చెల్లదు. నడవలేని కుక్కకు పతకమిచ్చిన జడ్జి లైసెన్సు రద్దు కావాలి. ఆ కుక్క సంతానానికి పనికుక్కగా నమోదు దొరకకూడదు. ఈ రెండూ జరిగే వరకు జర్మన్ ముద్రకు ప్రత్యేక గౌరవమేదీ ఇవ్వనక్కర్లేదు.