కుర్చీ దిగినా తాళంచెవి వదలరా?

ఏటా సెప్టెంబర్ 17 వస్తే పాతబస్తీ బడిలో పాఠాలు చెప్పే మమ్మల్ని పిల్లలు అడుగుతరు: "సార్, అది విమోచనమా, విలీనమా?" ఏ పేరు పెట్టాలో పార్టీలు కొట్లాడుకుంటున్నయి. ఎంతమంది చచ్చిండ్రో చెప్పే కాయితం సంగతి ఎవరూ ఎత్తరు.

1948లో పోలీసు యాక్షన్ తర్వాత ఊళ్లలో ఏం జరిగిందో చూసి రమ్మని నెహ్రూ ప్రభుత్వమే పండిట్ సుందర్‌లాల్, కాజీ అబ్దుల్ గఫార్‌లను పంపింది. 27 వేల నుంచి 40 వేల మంది దాకా చనిపోయారని వాళ్లు అంచనా కట్టిండ్రు. ఉస్మానాబాద్, గుల్బర్గా, బీదర్, నాందేడ్ జిల్లాల్లోనే 18 వేలకు తక్కువ కాదన్నరు. ప్రభుత్వం ఆ నివేదికను బీరువాలో పెట్టి తాళమేసింది.

మరి అధికారం చేసినోళ్ల నోటికి తాళం పడిందా? లేదు. ఢిల్లీలో సంస్థానాల శాఖ నడిపిన వి.పి. మీనన్ 1956లో, హైదరాబాదులో ఏజెంట్ జనరల్‌గా ఉన్న కె.ఎం. మున్షీ 1957లో పుస్తకాలు అచ్చేసుకున్నరు. కుర్చీ దిగినా, కుర్చీలో చూసిన కాయితాల తెలివి వాళ్ల వెంటే పోయింది. వాళ్లు చెప్పిందే చరిత్ర అయింది. కొడుకును పోగొట్టుకుని పాతబస్తీ గల్లీల్లో తలదాచుకున్న తల్లికి మాత్రం ఒక్క పేజీ చూసే హక్కు లేకపాయె. ముక్కలు ముక్కలుగా ఇంగ్లీషులో బయటికొచ్చినా, ఆ నివేదిక ఢిల్లీ నెహ్రూ మెమోరియల్ లైబ్రరీలో జనానికి దొరికింది 2013లో. అరవై అయిదేండ్లు! అడగాల్సిన తల్లులు అప్పటికే మట్టిలో కలిసిండ్రు.

"రజాకార్ల మాటేంది?" అంటారా? వాళ్ల దౌర్జన్యాలనూ ఆ నివేదిక దాచలేదు. మేమడిగేదీ అదే. ఎవరి లెక్కా దాచొద్దు.

ఇది ముస్లింల గొడవ, మనకెందుకు అనుకునే దళిత సోదరులారా! 1984లో ఎన్టీ రామారావు ప్రభుత్వం పట్వారీగిరీ రద్దు చేసింది. పదవి పోయినా చాలా ఊళ్లలో దస్త్రాలు పట్వారీ ఇంట్లోనే మిగిలినయి. మన భూమి ఎవరి పేర రాసి ఉందో తెలుసుకోవాలంటే మాజీ దొర గడప ముందే చేతులు కట్టుకుని నిలబడ్డం. ఢిల్లీ బీరువా, పట్వారీ సందుగ రెండూ ఒకటే.

మా డిమాండ్ ఒక్కటే: మాజీ అధికారికి తెలిసింది మామూలు మనిషికీ తెలియాలె. 2005 సమాచార హక్కు చట్టం ప్రకారం 20 ఏండ్లు దాటిన కాయితాలకు చాలా మినహాయింపులు చెల్లవు. దరఖాస్తు తెలుగులోనే రాయొచ్చు. దారిద్ర్యరేఖకు దిగువనున్నోళ్లకు ఫీజు లేదు. ఈ పక్షంలోనే ప్రతి ఊరి సంఘం తన భూముల పాత దస్త్రాల కోసం ఒక్క దరఖాస్తు పెట్టాలె. "ఫైలు లేదు" అంటే, ఆ మాటే రాసిమ్మని అడగండి.