పాత ఇన్వర్టర్: బాగుచేయించాలా, మార్చాలా?

వేసవి రాత్రి కరెంటు పోయిన క్షణంలో ఇంటిల్లిపాది చూపూ ఒకే మూలకు మళ్లుతుంది. మెట్ల కిందనో, వరండా చివరనో దుమ్ము కప్పుకొని కూర్చున్న ఇన్వర్టర్ 'టిక్' మని అందుకుంటే ఎవరూ దానిని తలచుకోరు. అందుకోకపోతే మాత్రం ఆ రాత్రి ఎవరికీ నిద్ర ఉండదు. గుంటూరులో మా పక్కవీధిలో ఉండే ఒక ఆపా ఇంట్లో ఈ ఏప్రిల్ నెలలో సరిగ్గా ఇదే జరిగింది.

ఆపా ఇంట్లోనే దుస్తులు కుడతారు. ఆ కుట్టుపని మీదనే ఇల్లు నడుస్తుంది. అత్తగారికి ఉబ్బసం, రాత్రివేళ ఆయాసం వస్తే నెబ్యులైజర్ పెట్టవలసి ఉంటుంది. తొమ్మిదేళ్ల నాటి ఇన్వర్టర్ ఒక రాత్రి అరగంటకే కూత పెట్టి ఆగిపోయింది. మరునాడు దుకాణం నుండి వచ్చిన కుర్రవాడు మూత కూడా విప్పకుండానే "సెట్ మొత్తం మార్చాలమ్మా, ఇరవైమూడు వేలు అవుతుంది" అని చెప్పి వెళ్లాడు. ఆపా దగ్గర అంత సొమ్ము లేకపోలేదు. అయితే అది కూతురి కళాశాల ఫీజు కోసం నెలనెలా దాచిన సొమ్ము. "ఏం చేయమంటారు భాయ్?" అని ఆమె నన్ను అడిగారు.

నేను చెప్పిన సలహాలో సగం సరైనది, సగం తప్పు. ఆ రెండు సగాలూ పాఠకులకు ఉపయోగపడతాయన్న ఉద్దేశంతో ఈ నెల ఈ విషయాన్నే ఎంచుకున్నాను.

జబ్బు ఎక్కడుంది?

మనం 'ఇన్వర్టర్' అని ఒకే మాటతో పిలిచేది నిజానికి రెండు వస్తువులు. బ్యాటరీ కరెంటును నిల్వ చేస్తుంది. ఇన్వర్టర్ పెట్టె ఆ 12 వోల్టుల కరెంటును ఇంటి పరికరాలకు తగిన 230 వోల్టుల కరెంటుగా మారుస్తుంది. లైను ఉన్నప్పుడు బ్యాటరీని చార్జి చేసే బాధ్యత కూడా దానిదే. ఈ రెండింటినీ కలిపే తీగలు, టెర్మినళ్లు మూడో భాగం. జబ్బు ఈ మూడింటిలో ఎక్కడైనా ఉండవచ్చు. అది ఎక్కడుందో తేలకముందే 'సెట్ మొత్తం' మార్చటం, తలనొప్పికి తలనే మార్చమన్నట్లు ఉంటుంది.

మల్టీమీటర్ ఉన్న ఎలక్ట్రీషియన్ చేత నాలుగు పరీక్షలు చేయిస్తే చాలావరకు విషయం తేలిపోతుంది.

మొదటిది: చార్జింగ్ పూర్తయ్యాక రెండు మూడు గంటలు బ్యాటరీని కదపకుండా ఉంచి కొలవాలి. ఆరోగ్యంగా ఉన్న బ్యాటరీ 12.6 వోల్టుల దగ్గర నిలుస్తుంది. పది, పదిన్నర వోల్టుల దగ్గరే ఆగితే ఆరు గదులలో ఒకటి చచ్చిపోయిందని అనుమానించాలి. హైడ్రోమీటర్‌తో ఒక్కొక్క గదిలోని ద్రవాన్ని కొలిస్తే ఏ గదో తెలుస్తుంది. అయిదు గదులు ఒక తీరుగా, ఒకటి మాత్రం బాగా తక్కువగా చూపితే ఇక ఆ బ్యాటరీకి మరమ్మతు లేదు.

రెండవది: లైను ఉండగా బ్యాటరీ దగ్గర వోల్టేజి కొలవాలి. అది 13.5 నుండి 14.4 వరకు క్రమంగా పెరగాలి. ఏమాత్రం పెరగకపోతే పెట్టెలోని చార్జింగ్ భాగం పనిచేయటం లేదు. 15 దాటిపోతుంటే అది మరీ ప్రమాదం. బ్యాటరీలోని నీరు మరిగి ఆవిరైపోతుంది.

మూడవది: మెయిన్ ఆపి, రెండు ఫ్యాన్లు తిప్పి చూడాలి. కొద్ది నిమిషాలకే వోల్టేజి 11 కంటే దిగజారితే బ్యాటరీ అలసిపోయింది. వోల్టేజి 12 పైన నిలకడగా ఉన్నా ఇన్వర్టర్ ఆగిపోతే తప్పు పెట్టెలో ఉంది.

నాలుగవది: అదే సమయంలో ఒకసారి బ్యాటరీ వద్ద, మరొకసారి తీగలు పెట్టెలోకి వెళ్లే చోట కొలవాలి. రెండింటి మధ్య అర వోల్టు, అంతకు మించి తేడా ఉంటే దోషం తీగలలోనో టెర్మినళ్లలోనో ఉన్నట్లు.

ఆపా ఇంట్లో దొరికింది ఈ నాలుగవదే. టెర్మినళ్ల మీద తెల్లగా, పచ్చగా చిలుము పేరుకొని ఉంది. ఎలక్ట్రీషియన్ తినే సోడా కలిపిన నీటితో దానిని కడిగి, తుడిచి, బోల్టులు బిగించి, పైన పెట్రోలియం జెల్లీ రాశాడు. మూడేళ్ల నాటి బ్యాటరీ గదులన్నీ సరిగ్గానే ఉన్నాయి. ఇరవైమూడు వేల జబ్బు ఆ పూటకు మూడు వందలతో కుదిరింది. నా సలహాలో సరైన సగం ఇది.

నేను పొరబడిన చోటు

నెల తిరగకుండానే కరెంటు పోయినప్పుడు పెట్టెలో నుండి కాలిన వాసన వచ్చింది. మోస్‌ఫెట్లు కాలిపోయాయని, కొత్తవి వేయటానికి పద్నాలుగు వందలు అవుతుందని మెకానిక్ చెప్పాడు. బ్యాటరీ కరెంటును క్షణానికి వంద మార్లు అటూ ఇటూ మళ్లించే చిన్న చిన్న భాగాలవి. "చిన్న ఖర్చే కదా, చేయించండి ఆపా" అన్నాను. అయిదు వారాలకు అవే భాగాలు మళ్లీ కాలిపోయాయి.

ఒకే భాగం రెండుసార్లు కాలిందంటే జబ్బు ఆ భాగంలో లేదని అర్థం. దానిని నడిపించే సర్క్యూటో, దాని ముందున్న ట్రాన్స్‌ఫార్మర్ చుట్టలో దెబ్బతిని దానిని కాల్చేస్తున్నాయి. మొదటిసారే "ఇవి ఎందుకు కాలాయి?" అని నేను మెకానిక్‌ను అడిగి ఉండవలసింది. అడగలేదు. ఆపా చేత పద్నాలుగు వందలు వృథా చేయించాను.

ఈసారి ట్రాన్స్‌ఫార్మర్‌తో సహా బాగుచేయటానికి అడిగింది రెండు వేల ఆరు వందలు. గ్యారంటీ మూడు నెలలు. కొత్త సైన్‌వేవ్ ఇన్వర్టర్ పెట్టె మాత్రమే తీసుకుంటే ఆరు వేల ఎనిమిది వందలు, వారంటీ రెండేళ్లు. ఆపా కుట్టుపని లెక్కల పుస్తకంలోనే ఒక పేజీ తీసి లెక్క వేశాం. బాగుచేయించిన పెట్టె ఒక ఏడాది నడుస్తుందనుకున్నా ఆ ఏడాదికి ఖర్చు 2,600. కొత్తది ఆరేళ్లే నడుస్తుందనుకున్నా ఏడాదికి దాదాపు 1,130. చేతి నుండి నేడు ఎంత పోతుందన్నదే కాక, ఏడాదికి ఎంత పడుతుందన్నది కూడా చూడాలని ఆ పేజీ మాకు నేర్పింది.

ఎప్పుడు బాగుచేయించాలి?

ఫ్యూజ్, చల్లబరిచే ఫ్యాన్, స్విచ్, రిలే, తీగలు, టెర్మినళ్లు – వీటిలో దోషముంటే నిస్సందేహంగా బాగుచేయించవచ్చు. ఇన్వర్టర్ కొని నాలుగైదేళ్లే అయి, ఇదే మొదటి మరమ్మతు అయితే మోస్‌ఫెట్లు, కెపాసిటర్లు మార్పించటం కూడా లాభమే. అడిగిన సొమ్ము కొత్తదాని ధరలో మూడో వంతు లోపు ఉండాలి. సగం దాటితే ఆగి ఆలోచించాలి.

ఎప్పుడు మార్చాలి?

ట్రాన్స్‌ఫార్మర్ కాలినప్పుడు, సర్క్యూట్ బోర్డు మాడి నల్లబడినప్పుడు, ఒకే లోపం రెండోసారి వచ్చినప్పుడు పాతదానికి వీడ్కోలు చెప్పటం మేలు. బ్యాటరీని అతిగా చార్జి చేసే పెట్టెను ఒక్క వారం కూడా ఉపేక్షించరాదు. ఎందుకంటే బ్యాటరీ ధర సాధారణంగా పెట్టె ధర కంటే ఎక్కువ. ఆరు వేలు మిగిల్చాలని పదిహేను వేల వస్తువును ఉడికించుకున్నట్లవుతుంది. పాతది స్క్వేర్‌వేవ్ రకమై, ఇంట్లో మోటారుతో నడిచే పనులు ఎక్కువగా ఉంటే మార్చటానికి అదొక అదనపు కారణం. ఆ రకం కరెంటు మీద ఫ్యాన్లు గుయ్యిమంటాయి, కుట్టుమిషను మోటారు త్వరగా వేడెక్కుతుంది.

కొత్త పెట్టె కొనేటప్పుడు అది పాత బ్యాటరీకి సరిపోతుందో లేదో చూడాలి. ఒక బ్యాటరీ ఉన్న ఇంటికి 12 వోల్టుల పెట్టె కావాలి. 24 వోల్టులది తెస్తే రెండో బ్యాటరీ కొనక తప్పదు. చార్జింగ్ కరెంటు బ్యాటరీ సామర్థ్యంలో దాదాపు పదో వంతు, అంటే 150 ఏహెచ్ బ్యాటరీకి 15 ఆంపియర్ల వరకు ఉండటం మంచిది.

మన అవసరమెంతో కూడా లెక్క కట్టుకోవాలి. 150 ఏహెచ్ బ్యాటరీలో కాగితం మీద 1800 వాట్ అవర్ల శక్తి ఉంటుంది. పూర్తిగా ఖాళీ చేయకూడదు కనుకను, మార్పిడిలో కొంత పోతుంది కనుకను చేతికి దక్కేది సుమారు 1150. ఆపా ఇంట్లో రెండు ఫ్యాన్లకు 150, నాలుగు ఎల్‌ఇడి బల్బులకు 36, కుట్టుమిషను మోటారుకు 100 వాట్లు, మొత్తం 286. అంటే నాలుగు గంటలు. బ్యాటరీకి వయసు మీద పడింది కనుక మూడు గంటలనుకున్నా ఆ ఇంటికి చాలు. ఇంతకంటే పెద్ద సెట్ అవసరం లేదని ఈ చిన్న కూడికే తేల్చింది.

కొన్ని జాగ్రత్తలు

బ్యాటరీలో డిస్టిల్డ్ వాటర్ తప్ప కుళాయి నీరు, ఫిల్టర్ నీరు పోయకూడదు. ఆమ్లం అసలే పోయకూడదు. చార్జి అవుతున్న బ్యాటరీ నుండి మండే స్వభావం గల హైడ్రోజన్ వాయువు వెలువడుతుంది. దాని దగ్గర అగరువత్తి గాని, కొవ్వొత్తి గాని, పొయ్యి గాని ఉండరాదు. గాలి ఆడే చోటే దానిని ఉంచాలి. టెర్మినళ్లు ముట్టుకునే ముందు గాజులు, ఉంగరాలు, గొలుసులు తీసివేయాలి. పెట్టె మూత మాత్రం ఇంట్లో ఎవరూ విప్పకూడదు. స్విచ్ ఆపిన తరువాత కూడా లోపలి కెపాసిటర్లలో కరెంటు నిలిచి ఉంటుంది.

మరమ్మతు చేయిస్తే మార్చిన పాత భాగాలను అడిగి తీసుకోండి. ఏం మార్చారో, గ్యారంటీ ఎన్నాళ్లో బిల్లు మీద రాయించుకోండి. బ్యాటరీ చచ్చిపోతే తూకానికి వీధిలో అమ్మివేయకండి. అందులోని సీసం పిల్లల మెదడుకు హాని చేసే విషం. పాత బ్యాటరీలను తిరిగి సేకరించవలసిన బాధ్యతను 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నియమాలు తయారీదారుల మీదనే ఉంచాయి. కొత్తది కొనే దుకాణంలో పాతది ఇస్తే ధరలో కొంత తగ్గిస్తారు కూడా.

రోగి ప్రాణం యంత్రం మీద ఆధారపడిన ఇళ్లలో ఇన్వర్టర్ ఒక్కదానినే నమ్ముకోరాదు. ఆపా అత్తగారి కోసం వైద్యుణ్ని అడిగి, చేతితో వాడే ఇన్‌హేలరును, దానికి జతచేసే స్పేసరును కూడా ఇంట్లో ఉంచమని చెప్పాం.

చివరకు ఆపా పెట్టె మాత్రమే మార్చారు. బ్యాటరీ పాతదే. చిలుము కడిగించిన మూడు వందలు, నా పొరబాటు వల్ల పోయిన పద్నాలుగు వందలు కలుపుకొని మొత్తం ఎనిమిది వేల అయిదు వందలు అయింది. ఆ పద్నాలుగు వందలు నేను ఇవ్వబోతే ఆమె తీసుకోలేదు. "బదులుగా మా అమ్మాయికి ఈ నాలుగు పరీక్షలూ నేర్పండి భాయ్" అన్నారు. ఆ అమ్మాయి నేర్చుకుంది. బ్యాటరీ పక్కన గోడకు ఒక కాగితం అంటించి, నెలకొకసారి తేదీ, నీటి మట్టం, వోల్టేజి రాస్తోంది. జూన్‌లో కట్టవలసిన ఆమె ఫీజు కూడా గడువులోపే కట్టారు.