కాల్షియం ఎక్కువ, విటమిన్ డి తక్కువ: రెండు అంకెలూ కలిపి చదవాలి

"కాల్షియం ఎక్కువుంటే మంచిదే కదా డాక్టరుగారూ, ఎముకలు గట్టిగా ఉన్నట్టేగా?" రక్తపరీక్ష కాగితం చేత పట్టుకొని ఇలా అడిగేవారున్నారు. అదే కాగితంలో విటమిన్ డి తక్కువ అని కూడా ఉంటుంది. ఇంటికి వెళ్ళేదారిలో కాల్షియం బిళ్ళలు కొనుక్కొని, ఊళ్ళో ఒక విటమిన్ డి ఇంజక్షన్ చేయించుకుంటే సరిపోతుందని చాలామంది అనుకుంటారు. ఇది ప్రమాదకరమైన ఆలోచన అని మా అభిప్రాయం.

విటమిన్ డి లోటు మన ప్రాంతాల్లో అరుదు కాదు. తిరుపతి స్విమ్స్‌కు చెందిన డాక్టర్ సి.వి. హరినారాయణ్, సహచరులు 2008లో ప్రచురించిన ఆంధ్రప్రదేశ్ అధ్యయనంలో పల్లె ప్రజల్లో కూడా ఈ లోటు కనిపించింది. కాబట్టి ఒళ్ళునొప్పులతో వచ్చిన ఎవరికి పరీక్ష చేసినా విటమిన్ డి తక్కువని రావడం వింత కాదు. చిక్కు అక్కడే వస్తోంది. అది కనబడగానే నొప్పులకు కారణం దొరికిపోయిందనుకొని అక్కడితో ఆగిపోతున్నాము.

ఒక్క మాట గుర్తుంచుకోండి. విటమిన్ డి తక్కువైనప్పుడు రక్తంలో కాల్షియం తగ్గుతుంది, లేదా మామూలుగానే ఉంటుంది. ఆ లోటు వల్ల కాల్షియం పెరగదు. పెరిగిందంటే కారణం ఇంకెక్కడో ఉన్నదన్నమాట.

మన మెడలో, థైరాయిడ్ గ్రంథి వెనుక, బియ్యపు గింజంత గ్రంథులు సాధారణంగా నాలుగు ఉంటాయి. వీటిని పారాథైరాయిడ్ గ్రంథులంటారు. చెరువు తూము దగ్గర కాపలా మనిషిలాంటివివి. రక్తంలో కాల్షియం తగ్గితే తూము తెరిచి ఎముకల నుంచి కొంత వదులుతాయి, సరిపడా ఉంటే మూసేస్తాయి. అందుకే ఆరోగ్యవంతులలో కాల్షియం సుమారు 8.5 నుంచి 10.5 మిల్లీగ్రాముల మధ్య నిలకడగా ఉంటుంది. ఈ నాలుగింటిలో ఒక దానిలో చిన్న గడ్డ పెరిగితే తూము మూతపడదు. రక్తంలో కాల్షియం నిండుగా ఉంటుంది, ఎముక మాత్రం ఖాళీ అవుతుంది. ఈ గడ్డ చాలావరకు క్యాన్సర్ కాదు. కానీ పట్టించుకోకపోతే ఎముకలు విరుగుతాయి, కిడ్నీలో రాళ్ళు మళ్ళీ మళ్ళీ వస్తాయి, కొందరికి క్లోమగ్రంథి వాస్తుంది. మలబద్ధకం, అతి దాహం, మాటిమాటికి మూత్రం, నీరసం, దిగులు కూడా దీని గుర్తులే.

ఈ జబ్బులో విటమిన్ డి నిల్వలు త్వరగా ఖర్చయిపోతాయి. అసలే లోటున్న మనవాళ్ళలో ఇంకా తగ్గుతాయి. ఢిల్లీ ఎయిమ్స్ నుంచి హరినారాయణ్‌గారు, సహచరులు ఈ జబ్బున్న మన దేశపు రోగుల విటమిన్ డి స్థితి గురించి 1995లోనే రాశారు. విటమిన్ డి బాగా తక్కువగా ఉన్నప్పుడు కాల్షియం ఉండవలసినంత ఎక్కువగా కనబడక జబ్బు మరుగునపడే అవకాశం కూడా ఉంది.

లోటు అనుకొని పొరబడటం కొత్త కాదు. వియన్నాలో ఫెలిక్స్ మాండ్ల్ అనే సర్జన్ ఎముకలు గుల్లబారిన ఒక ట్రామ్ కండక్టరుకు ముందు పారాథైరాయిడ్ సారాన్నే ఎక్కించాడు. గుణం కనిపించలేదు. చివరకు 1925లో మెడ తెరిచి చూస్తే గడ్డ దొరికింది. అది తీసేశాక రోగి కోలుకున్నాడు. కొన్నేళ్ళకు జబ్బు తిరగబెట్టిన మాట నిజమే. అయినా లోటుకూ అతికీ తేడా చూడాలన్న పాఠం అక్కడ దొరికింది.

అందుచేత మేము కోరేదొకటే. నెలల తరబడి కాల్షియం, విటమిన్ డి వాడబోయే ముందు రక్తంలో కాల్షియం, అల్బుమిన్, క్రియాటినిన్ చూపించుకోండి. కాల్షియం ఎక్కువని వస్తే మరోసారి చేయించి, పారాథైరాయిడ్ హార్మోను పరీక్ష గురించి డాక్టరుగారిని అడగండి. ఆ హార్మోను ఎక్కువగా ఉన్నా, తగ్గవలసింది తగ్గకుండా మామూలుగా ఉన్నా అనుమానం ఆ గ్రంథుల మీదికే వెళ్తుంది. బాగా తక్కువగా ఉంటే టి.బి., క్యాన్సర్, వాడుతున్న మందులు వంటి కారణాలు వెతకాలి. టి.బి. వంటి జబ్బుల్లో నిల్వ తక్కువగా ఉన్నా విటమిన్ డి లోపల చురుకుగా పనిచేస్తూ ఉండవచ్చు. అటువంటివారికి 6 లక్షల యూనిట్ల ఇంజక్షన్ ఇస్తే మేలు బదులు కీడే జరగవచ్చు.

ఖర్చెందుకని కొందరంటారు. కాల్షియం పరీక్ష ఖరీదైనది కాదు. విరిగిన తుంటి ఎముకకయ్యే ఖర్చు ముందు అదెంత?

అయితే విటమిన్ డి మానేయాలా? మానక్కరలేదు. డాక్టరు పర్యవేక్షణలో, కాల్షియం చూసుకుంటూ, కొద్ది కొద్దిగా సరిచేస్తారు. చోడి అంబలి, పాలు మానమని కూడా మేము చెప్పడం లేదు. ఈ గడ్డకు తిండి కారణం కాదు. నీళ్ళు బాగా తాగాలి. వాంతులు, మతిమాంద్యం, విపరీతమైన దాహం ఉంటే ఆ రోజే ఆసుపత్రికి రావాలి.

గడ్డ అని తేలితే, అవసరమైనవారికి అనుభవమున్న సర్జన్ చేసే ఆపరేషన్‌తో చాలామందికి జబ్బు పూర్తిగా నయమవుతుంది. గజపతినగరం నుంచి దూరం పోనక్కరలేదు. విశాఖ కింగ్ జార్జి ఆసుపత్రిలో ఎండోక్రైనాలజీ విభాగం ఉంది.

మనకు దేవుడిచ్చిన ఈ దేహం కోసం ప్రార్థన చేద్దాం, పరీక్ష కూడా చేయిద్దాం. ఈ ఆదివారం ఆరాధన ముగిసి ఇంటికి వెళ్ళాక, మీ అమ్మగారివో, అత్తగారివో పాత కాగితాలు ఒకసారి తీయండి. కాల్షియం ఎదుట 10.5 దాటిన అంకె కనబడితే, ఆ కాగితం పట్టుకొని వాళ్ళను వెంటబెట్టుకొని రండి.