చేతికో పని

కాకతీయ రాజు గణపతిదేవుని సోదరి మైలాంబ తవ్వించిన చెరువు మా బయ్యారానిది. బతుకమ్మ పండుగనాడు, బదిలీ మీద కొత్తగా వచ్చిన టీచరమ్మనైనా ఇక్కడ ఊరికే కూర్చోనివ్వరు. తంగేడు, గునుగు ముందర పోసి, “మీరూ ఒక వరుస పేర్వండి టీచరమ్మా” అంటారు. గునుగు రంగు వేళ్ళకంటితే రెండ్రోజులు పోదు.

హెచ్-4 వీసా మీద భర్త వెంట అమెరికా పోయిన మన ఆడపిల్లలకు అలా పిలిచి పని చెప్పేవారెవరు? 2015 మే దాకా వాళ్ళకు ఉద్యోగం చేసే హక్కే లేదు. ఆ తర్వాతైనా కొందరికే. డిగ్రీ పట్టా సూట్‌కేసులోనే. (పెళ్ళిచూపుల్లో ఈ సంగతి ఎవరూ ఎత్తరు.) చాలామందికి తలుపు తీసింది జీతంలేని పనే. ఫుడ్ బ్యాంకులో డబ్బాల మీద తేదీలు చూసి వేరుచేయడం, సిలికానాంధ్ర సంస్థ 2007లో మొదలుపెట్టిన మనబడి తెలుగు తరగతుల్లో పిల్లల చేత గుణింతాలు దిద్దించడం. పేరు పలకలేక తడబడిన పక్కావిడే నెల తిరిగేసరికి, ఓ వారం రాకపోతే ఫోన్ చేసి అడుగుతుంది.

ఈ సంచిక నిండా అలా పనితోనే కొత్తచోట కలిసిపోయిన వాళ్ళే. మరి మన దగ్గరికే, ఒడిశా నుంచి ఇటుక బట్టీలకు వచ్చే కుటుంబాల ముందు ఎవరైనా గునుగు కట్ట పెట్టారా? పెట్టి ఉంటే రాసి పంపండి, వచ్చే సంచికలో వేస్తాం.