మంట మనది, లెక్క ఎవరిది?

మూత్రంలో మంట అని చెప్పుకోవడానికే మనకు సిగ్గు. ధైర్యం చేసి కల్చర్ పరీక్ష చేయించుకుంటే, ఒక్కోసారి 'ఏమీ లేదమ్మా, నీళ్లు బాగా తాగు' అంటారు. మరి ఈ మంట మాటేమిటి?

1950లలో అమెరికా డాక్టరు ఎడ్వర్డ్ కాస్ పరిశోధనలతో, మిల్లీలీటరు మూత్రంలో లక్ష బాక్టీరియా ఉంటేనే ఇన్‌ఫెక్షన్ అన్న లెక్క స్థిరపడింది. 1982లో సియాటిల్‌లో వాల్టర్ స్టామ్ బృందం, మంటతో వచ్చిన ఆడవాళ్లనే పరీక్షించి, వంద ఉన్నా జబ్బు కావచ్చని తేల్చింది. అన్నేళ్లూ ఎందరి బాధ ఆ లెక్కలోకి రాలేదో!

రిపోర్టు బాగుందని మంటను దిగమింగకండి. మళ్లీ డాక్టరు దగ్గరికెళ్లి ఉన్నదున్నట్టు చెప్పండి. ఆయన్ని అడక్కుండా షాపులో యాంటీబయాటిక్ మాత్రలు కొని మింగేసి, ఆనక పరీక్షకెళితే మాత్రం ఉన్న క్రిములూ దొరక్కపోవచ్చు.