బెజ్జం కథే నయం

బెజవాడ పేరు వెనక కథ మీకు తెలిసే ఉంటుంది. కృష్ణమ్మ సముద్రం వైపు పోతుంటే కొండలు అడ్డం నిలబడ్డాయి. దారి కోసం కొండకి బెజ్జం పడింది, ఆ బెజ్జంలోంచి నది బయటపడింది, ఊరు బెజ్జంవాడ అయింది. వ్యుత్పత్తి లెక్కల ముందు ఈ కథ నిలబడుతుందా లేదా అన్నది నాకు ముఖ్యం కాదు. బెజవాడ మీద ఈమధ్య వస్తున్న కవితలూ, జ్ఞాపకాల వ్యాసాలూ చదివిన కొద్దీ నాకు ఆ పాత కథ మీద గౌరవం పెరుగుతోంది. ఎందుకంటే ఆ కథ కట్టినవాడు కళ్లు తెరిచి చూశాడు. ఇటు ఇంద్రకీలాద్రి, అటు సీతానగరం కొండ, మధ్యలోంచి నది. నీళ్లు పల్లానికి కదా పోతాయి, కొండల వరసని అడ్డంగా కోసుకుని ఎలా వెళ్లింది? ఇది అచ్చమైన భూవిజ్ఞాన ప్రశ్న. జవాబు పురాణం భాషలో చెప్పాడు, చెప్పనీండి. మన ఆధునికులు ప్రశ్న కూడా అడగటం లేదు.

ఈ ప్రశ్నకి భూవిజ్ఞానం చెప్పే జవాబు కథకి ఏమీ తీసిపోదు. రాయి వయసు వేరు, కొండ వయసు వేరు. రాయి ఎంత పాతదైనా, అది కొండ ఆకారంలో బయటపడింది చాలా తర్వాత. ఒకప్పుడు నేల మట్టం ఇప్పటికంటే పైన ఉండగా ఆ ఎత్తులో పారిన నది తన దారి వదలకుండా కిందికి కోసుకుంటూ దిగుతుంది. చుట్టుపక్కల మెత్తటిదంతా కొట్టుకుపోతుంది, గట్టి రాయి కొండగా మిగిలిపోతుంది. లేదా రాయిలో ముందే ఉన్న పగులునో బలహీనమైన చోటునో నది వెతుక్కుంటుంది. ఇలాంటి నదీ కనుమలు ప్రపంచంలో చాలా ఉన్నాయి. ఎలా చూసినా నదికి కొండ అడ్డం వచ్చింది అనడం కంటే, నది పనిచేస్తుండగా దాని చుట్టూ కొండ తేలింది అనడమే నిజానికి దగ్గర. ఈ ఒక్క వాక్యంలో ఎంత కవిత్వం ఉందో కవులకి నేను చెప్పాలా?

మనం చేస్తున్నదల్లా ఒకటే: కొండని వెనక కర్టెన్‌లా వేలాడదీయడం. 'దుర్గమ్మ కొండ మీద దీపాలు వెలిగాయి' అని ఒక వాక్యం, 'ప్రకాశం బ్యారేజీ మీద సాయంత్రం గాలి' అని మరో వాక్యం. తర్వాత పునుగులు, అల్లం చట్నీ, సినిమా హాళ్లు, బందరు కాలవ. అయిపోయింది, స్థానికత వచ్చేసింది. యాస రాస్తే, తిండి రాస్తే, వీధి పేర్లు రాస్తే ఊరు వచ్చినట్టే అని మన తరం ఒక నమ్మకం పెట్టుకుంది. ఇవన్నీ కావాలి, నేనేం కాదనను. కానీ ఆ వీధి దేనిమీద ఉంది?

కొండ గురించి ఎవరూ సరిగ్గా మాట్లాడకపోతే ఆ ఖాళీలోకి ఏం వస్తుందో చూడాలంటే పక్కనే ఉన్న మంగళగిరి వెళ్లండి. పానకాల స్వామికి బెల్లం పానకం పోస్తారు, సగం తాగి సగం ప్రసాదంగా వదులుతాడని నమ్మకం. చక్కటి నమ్మకం. దీనికి వాట్సాప్ ఒక 'సైన్సు' తగిలించింది: ఆ కొండ ఒకప్పటి అగ్నిపర్వతమట, లోపల గంధకం ఉందట, బెల్లం నీళ్లు పోస్తే అది శాంతిస్తుందట, మన పూర్వీకులకి అన్నీ తెలుసట. చదువుకున్నవాళ్లే, నాతోపాటు కోడ్ రాసేవాళ్లే దీన్ని ఫార్వర్డ్ చేస్తారు. మంగళగిరి కొండ తూర్పు కనుమల రూపాంతర శిల. అగ్నిపర్వతం కాదు, ఎప్పుడూ కాదు. పైగా గంధకాన్ని చక్కెర నీళ్లు 'న్యూట్రలైజ్' చేస్తాయన్న రసాయన శాస్త్రం ఇంటర్ పరీక్షలో రాస్తే సున్నా వేస్తారు. భక్తికి దొంగ సర్టిఫికెట్ ఎందుకు? స్వామి పానకం తాగుతాడనడంలో ఉన్న అందం ఈ అబద్ధంలో లేదు. బెజ్జం కథ చూసి పుట్టింది, అగ్నిపర్వతం కథ చూడకుండా పుట్టింది.

చూస్తే ఏం కనబడుతుంది? ఇంద్రకీలాద్రి, మొగల్రాజపురం, గుణదల, అవతల ఉండవల్లి... ఈ కొండల్లో ప్రధానమైన రాయి పేరు ఖోండలైట్. కొత్తగా తెగిన ముక్కని చేతిలోకి తీసుకుంటే చారలు చారలుగా ఉంటుంది, మధ్య మధ్య ఎర్రటి గింజలు. అవి గార్నెట్లు. కొన్నిచోట్ల నల్లగా మెరిసే పలకలుంటాయి. అది గ్రాఫైట్, పెన్సిల్లో ఉండేదే. 1902లో వాకర్ అనే భూవిజ్ఞాని ఒడిశా కొండల్లో పనిచేస్తూ, అక్కడి ఖోండుల పేరు ఈ రాయికి పెట్టాడు. ఆ 'ఖోండ్' అన్న మాటకీ మన 'కొండ'కీ చుట్టరికం ఉందని చాలామంది అంటారు. దీని పక్కనే దొరికే మరో రాయి చార్నొకైట్‌కి కలకత్తాలోని ఒక ఈస్టిండియా కంపెనీ ఉద్యోగి సమాధిరాయి నుంచి పేరొచ్చింది. ఒక రాయికి దొర పేరు, ఒక రాయికి ఆదివాసుల పేరు. పోస్ట్‌కలోనియల్ వ్యాసాలు రాసేవాళ్లకి ఇంతకంటే ఏం కావాలి? ఒక్కరూ ఎత్తుకోలేదు.

ఇక దీని పుట్టుక. కృష్ణా ప్రాంతపు ఈ రాళ్లు సుమారు 160 కోట్ల ఏళ్ల కిందట, పాతిక ముప్ఫై కిలోమీటర్ల లోతున, 900 డిగ్రీలు దాటిన వేడిలో ఇప్పటి రూపానికి వచ్చాయని అంచనా. అంతకుముందు ఖోండలైట్ ఏమిటి? బురద. ఏదో ప్రాచీన సముద్రం అడుగున పేరుకున్న బంకమట్టి. అందులోని గ్రాఫైట్ ఆనాటి సూక్ష్మజీవుల కార్బన్ అయి ఉండొచ్చు. అంటే దుర్గమ్మ కొండ ఒకప్పటి రేవడి. ఇప్పుడు అదే రాయి ఎండకీ వానకీ కుళ్లి మళ్లీ మట్టి అవుతోంది. కోణార్క్ సూర్యదేవాలయం కట్టింది కూడా ప్రధానంగా ఈ ఖోండలైట్‌తోనే. అక్కడ శిల్పాల ముఖాలు అరిగిపోతున్నాయని అందరం బాధపడతాం. మన ఉండవల్లి గుహల గురించి మాత్రం 'ఇసుకరాయి' అని ఇంటర్నెట్ అంతా కాపీ కొట్టుకుంటూ ఉంటుంది. అక్కడిదాకా వెళ్లి అనంతశయనుడి పక్కన సెల్ఫీ దిగినవాళ్లెవరికీ గోడ ఏమిటన్న అనుమానం రాదు.

దీనికి కారణం బద్ధకం మాత్రమే కాదు. తెలుగు సాహిత్యంలో ఒక భూముల పంపకం జరిగిపోయింది. రాయి సీమకి, బండ తెలంగాణకి, మట్టి కోస్తాకి. 'పెన్నేటి పాట' సీమ ఎండుతనాన్ని కావ్యం చేసింది. రాళ్లు అంటే కరువు, కరువు అంటే సీమ అనే సమీకరణం ఆ తర్వాత పదేపదే వాడగా వాడగా అరిగింది. కృష్ణా డెల్టాకి మాత్రం పచ్చదనం, ఒండ్రు, అన్నపూర్ణ. బెజవాడలో ఏళ్లపాటు ఉండి పాఠాలు చెప్పిన విశ్వనాథ 'కిన్నెరసాని పాటలు'లో మగడిని రాయి చేశాడు, భార్యని ఏరు చేశాడు. రాయికీ నీటికీ సంసారం కట్టిన పుస్తకం తెలుగులో అదొకటి ఉంది. కానీ ఆ రాయి భద్రాచలం అడవుల వైపుది. ఆయన ఊళ్లోనే, ఆయన కళ్లెదుట, రాయీ ఏరూ ముఖాముఖి నిలబడి ఉన్నాయి. ఆ జంట ఇంకా కవి కోసం ఎదురుచూస్తోంది.

ఈ పంపకం తప్పుడు లెక్క. డెల్టా అన్నం పెడుతున్నది మట్టి ఒక్కటే కాదు. 1852లో మొదలై 1855లో పూర్తయిన ఆనకట్ట సరిగ్గా ఆ రెండు కొండల మధ్య ఎందుకు కట్టారు? అక్కడ నది ఇరుకవుతుంది, రెండు పక్కలా కదలని రాయి ఉంది. కట్టింది కూడా రాళ్లు పోసే. 1957 నాటికి దాని చోటులోకి ప్రకాశం బ్యారేజీ వచ్చింది. బెజవాడ దగ్గర ఆ రాయి లేకపోతే బందరు కాలవ లేదు, ఏలూరు కాలవ లేదు, మూడు తరాలు 'మా పచ్చని పొలాలు' అని రాసుకున్న కవిత్వమూ లేదు. డెల్టా గర్వం ఖోండలైట్‌కి అప్పు పడి ఉంది.

ఆ మట్టి కూడా అనాదిది కాదండీ. 'అనాదిగా ఈ నేల' అని మొదలయ్యే వ్యాసం చూస్తే నాకు నవ్వొస్తుంది. సుమారు 6,000 ఏళ్ల కిందట సముద్రపు అంచు కొల్లేరు దరిదాపుల్లో ఉండేదని డెల్టా మీద పనిచేసినవాళ్లు చెబుతారు. అక్కణ్ణుంచి ఇవతలిదంతా నది మోసుకొచ్చి పోసిందే. ఘంటసాల ఒకప్పటి రేవుపట్నం, టాలెమీ చెప్పిన కొంటకొస్సైల అదేనంటారు. ఇప్పుడు అక్కడ నిలబడితే సముద్రం కనబడదు. దివిసీమ ఇంకా పసినేల. నాగాయలంక, గుల్లలమోద అని ఊళ్ల పేర్లలోనే లంకలూ గుల్లలూ ఉన్నాయి. లంక, పాయ, మేట, దిబ్బ, పర్ర, చవుడు... నేల రూపాలకి ఇన్ని మాటలున్న జనం మధ్య పుట్టి, మన కథకులు మాత్రం 'పొలం గట్టు' దాటి అడుగు వేయరు.

పోనీ ఆ పసినేలైనా పెరుగుతోందా అంటే, లేదు. నాగార్జునసాగర్, శ్రీశైలం, పైన ఇంకెన్నో ఆనకట్టలు ఒండ్రుని ఎక్కడికక్కడ ఆపేశాయి. 2009లో 'నేచర్ జియోసైన్స్'లో సివిట్స్కీ బృందం ప్రపంచంలోని 33 డెల్టాలని పరిశీలించి రాసిన వ్యాసంలో, కృష్ణకి చేరే ఒండ్రు 94 శాతం తగ్గిందని లెక్క కట్టారు. నది నేల పోయడం మానేస్తే సముద్రం ఊరుకోదు. ఎదురుమొండి వైపు ఒడ్డు కోసుకుపోతోంది. 1977 నవంబరు 19న దివిసీమని ముంచిన ఉప్పెన మీద మనకి కవిత్వం ఉంది, ఏడుపు ఉంది, అది ఉండాల్సిందే. రోజూ జానెడు జానెడు పోతున్న నేల మీద ఏముంది? ఏడవడానికి మనకి ఒకే రాత్రిలో జరిగే చావు కావాలి. నేల గురించి తెలుగులో అందరూ మాట్లాడింది నాకు తెలిసి ఒక్కసారే, అమరావతి రేగడి పునాదులకి పనికొస్తుందా రాదా అన్నప్పుడు. అదీ పార్టీలవారీగా. ఏ ఛానల్లో చూస్తే ఆ మట్టి.

ఇక్కడిదాకా ఇది సాహిత్యం గొడవ. ఇప్పుడు అసలు విషయం. 2024 ఆగస్టు 31న మొగల్రాజపురం సున్నపుబట్టీల సెంటర్ దగ్గర కొండ విరిగి ఇళ్ల మీద పడింది. మనుషులు పోయారు. 2020 దసరా రోజుల్లో ఇంద్రకీలాద్రి మీదే రాళ్లు జారాయి. ఇలా జరిగిన ప్రతిసారీ మనం రాసే వాక్యం ఒకటే: 'కొండచరియలు విరిగిపడ్డాయి'. ఈ వాక్యంలో కర్త కొండచరియ. అదే విరిగింది, అదే పడింది, మనిషి ఎక్కడా లేడు. విమర్శ చదువుకున్నవాళ్లం, వాక్యంలో కర్త ఎవరని అడగడం మన పని కాదా? ఖోండలైట్‌లో చారల వెంబడి నీరు దిగుతుంది, అందులో ఫెల్డ్‌స్పార్ తెల్లటి సుద్దమట్టి అవుతుంది, తడిస్తే అది జారుతుంది. అలాంటి వాలు అడుగున ఇంటి కోసమో, రోడ్డు కోసమో, కంకర కోసమో నిట్టనిలువుగా కోస్తే పైన ఉన్నది ఏదో ఒక వానకి దిగక తప్పదు. కొండ విరగలేదు. ఎవరో కోశారు, ఎవరో కోయనిచ్చారు, ఇంకెక్కడా జాగా దొరకనివాళ్లు దాని కింద ఇల్లు కట్టుకున్నారు. చిట్టినగర్‌లో, వన్‌టౌన్ కొండ మీద, గొల్లపాలెం గట్టు మీద వందల మెట్లెక్కి నీళ్లు మోసుకునేవాళ్లు ఎవరో, బెంజిసర్కిల్ చుట్టూ చదునైన చోట ఉండేవాళ్లు ఎవరో ఈ ఊరివాళ్లందరికీ తెలుసు. బెజవాడలో కులమూ వర్గమూ ఎత్తును బట్టి చదవొచ్చు. ఆ మర్నాడే బుడమేరు సింగ్‌నగర్‌ని ముంచింది. కొల్లేరుకి పోయే ఏటి పల్లం మీద కట్టిన పేట అది. 11 లక్షల క్యూసెక్కులు దాటి కృష్ణ అదే బెజ్జంలోంచి పోతుంటే 'కృష్ణమ్మ ఉగ్రరూపం' అని శీర్షికలు పెట్టాం. ఉగ్రరూపం అనేస్తే ఇక ఎవరినీ అడగక్కర్లేదు.

కవికి రాయి పేరెందుకు, సాహిత్యం భూగోళ పాఠమా అని ఎవరో అడుగుతారు. ఆ మాట నాకు ముందే వినబడుతోంది. సరే, గోదావరి కథలో పులస అనకుండా 'ఒక చేప' అని రాయండి, ఒప్పుకుంటామా? కోనసీమ కథలో 'ఏదో చెట్టు' అంటే ఊరుకుంటామా? పెళ్లి కథలో ఏ కులమో తెలియకపోతే విమర్శకులు నిలదీయరూ? ఖోండలైట్ అనే మాటే వాడమని నేనడగటం లేదు. మెట్ల పక్కన ఎర్ర గింజల బండ అనండి చాలు. వానకి ఏ పక్క మట్టి మెత్తబడుతుందో, ఏ గోడలోంచి నీరు ఊరుతుందో ఆ మెట్లు ఎక్కే ఆవిడకి తెలుసు. ఆవిడని పాత్రగా పెట్టి కథ రాసినప్పుడు, ఆవిడకి తెలిసినంతైనా రచయితకి తెలియాలి కదా.